బావగారి వెబ్లీ వేట

బెంగుళూరులో ఏ వస్తువైనా దొరక్కపోతే చిక్కపేట, అవెన్యూ రోడ్డు, ఎస్.పి. రోడ్డు చూడమంటారు పెద్దలు. పాత రేడియోకి వాల్వు గానీ, తాతగారి గోడగడియారానికి స్ప్రింగు గానీ, ఆ వీధుల్లో ఏదో ఒక సందులో ఎవరో ఒకరు దాచి ఉంచుతారు. ఆ వీధుల్లో దొరకని వస్తువు కోసం మా బావగారు ఏడాదిన్నర తిరిగారు. తోడుగా నన్నూ తిప్పారు. ఆ వస్తువు వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ వారి .32 బోరు రివాల్వరు.

కుటుంబ పత్రికలో రివాల్వరు గొడవేమిటని సంపాదకులు కళ్ళెర్ర చేయకముందే మనవి చేసుకుంటున్నాను: ఈ వ్యాసం పూర్తయ్యేలోగా ఒక్క గుండు కూడా పేలదు.

మా బావగారిది దేవనహళ్ళి దాటాక, నందికొండ ఎదురుగా కనిపించే చోట నాలుగెకరాల ద్రాక్షతోట. బెంగుళూరు బ్లూ రకం. ఉద్యోగ విరమణ తరువాత అక్కా ఆయనా అక్కడే ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. ముందు మోటారు కేబులు పోయింది. తరువాత మోటారే పోయింది. ఆ పైన పక్కతోటలో ఒంటరిగా ఉండే పెద్దాయనను రాత్రిపూట కట్టేసి ఇల్లంతా ఊడ్చుకు పోయారు. ఆ మర్నాడే బావగారు జిల్లా కేంద్రానికి వెళ్ళి ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టారు. బెంగుళూరు నగరంలో ఉండేవాళ్ళు ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని పోలీసు కమిషనరు ఆఫీసుకు వెళ్ళాలి. ఆయనది చిక్కబళ్ళాపురం జిల్లా కాబట్టి డిప్యూటీ కమిషనరు, అంటే మన కలెక్టరు గారన్నమాట. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు, ఆయుధం జాగ్రత్తగా వాడడంలో శిక్షణ, ఇవన్నీ అయ్యి 2022లో లైసెన్సు పుస్తకం చేతికొచ్చింది. అసలు కథ అక్కడే మొదలు.

కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు కొనుక్కుంటే మూడు నెలల్లో పని అయిపోయేది. అందరూ అదే కొంటారు. బావగారు మాత్రం “నాకు వెబ్లీయే కావాలి” అని కూర్చున్నారు. దానికో కారణం ఉంది. వాళ్ళ నాన్నగారు అనంతపురం జిల్లాలో మోతుబరి రైతు. 1950లలో మద్రాసు వెళ్ళి మౌంటు రోడ్డులో వెబ్లీ కొనుక్కొచ్చారు. ఆయుధపూజ నాడు దానికి కుంకుమ బొట్టు పెట్టి, పీటమీద ఉంచి, పిల్లలందరినీ దూరంగా నిలబెట్టి చూపించేవారట. ఆయన 1974లో పోయారు. చట్టప్రకారం ఆయుధం పోలీసు స్టేషనులో అప్పగించారు. అన్నదమ్ములు నలుగురిలో ఎవరు లైసెన్సు తీసుకోవాలన్న దానిమీద మాట కలవలేదు. పొలాల పంపకం కోర్టులో ఉన్నప్పుడు రివాల్వరు మాటెత్తే ధైర్యం ఎవరికుంటుంది? వారసులు గడువులోగా తీసుకోకుండా, అమ్మకుండా ఉంటే అలాంటి ఆయుధం ప్రభుత్వపరం అవుతుంది. అలాగే అయింది. పొలాల తగువు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం నడిచింది.

ఇప్పుడు వెబ్లీ ఎందుకు దొరకదో చెప్పాలి. మన దేశంలో తుపాకుల బోర్లు రెండు జాతులు. సైన్యం, పోలీసు వాడేవి నిషిద్ధ బోరు, మామూలు జనానికి ఇవ్వరు. 9 మిల్లీమీటర్లు, .38 ఆ జాబితాలోవి. రైతుకో, నగల వ్యాపారికో దొరికేది .32 లాంటి చిన్న బోరు. 1980ల మధ్య వరకూ విదేశీ రివాల్వర్లు దుకాణాలకు దిగుమతి అయ్యేవి. ఆ తరువాత ప్రభుత్వం ఆ తలుపు మూసేసింది. పేరున్న క్రీడాకారులకు, ఇంకా కొద్దిమందికి మాత్రం సందు వదిలారు. ఇటు ఇంగ్లండులో బర్మింగ్‌హాం వెబ్లీ వాళ్ళు కూడా 1979లో తుపాకుల తయారీ మానుకున్నారు. కాబట్టి ఈ దేశంలో పాత ఇంగ్లీషు వెబ్లీలు ఎన్ని మిగిలాయో అన్నే. ఒక్కటి తగ్గుతుందేమో గానీ పెరగదు. కొత్త సరుకు రాని బజారులో పాత సరుకు ధర ఎలా ఉంటుందో, మల్లేశ్వరంలో పాత ఇల్లు కొనబోయినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

తమాషా ఏమిటంటే, కాన్పూరు రివాల్వరు కూడా వెబ్లీ బిడ్డే. వెబ్లీ మార్క్ 4 నమూనా చూసి, దాన్ని .32కి కుదించి చేశారు. బొటనవేలితో మీట నొక్కితే నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకోవడం, తెరవగానే ఖాళీ గుళ్ళు పైకి లేవడం, అంతా అదే. “తండ్రి దొరకనప్పుడు కొడుకుతో సరిపెట్టుకో బావా” అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి లైసెన్సు అక్కర్లేదు.

బెంగుళూరులో తుపాకుల దుకాణాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. బయటి నుంచి చూస్తే అవి దుకాణాల్లా ఉండవు. ఒక ఇనుప తలుపు, లోపల గాజు బీరువాలో నాలుగు ఎయిర్ గన్నులు, గోడకు వెలిసిపోయిన దుప్పి తల, బల్ల వెనకాల కళ్ళద్దాల పెద్దాయన. కొడగు కాఫీ తోటల వాళ్ళు ఈ దుకాణాలకు తరతరాల ఖాతాదారులు. కొడవలకు లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిషు కాలం నుంచీ ఉంది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్ళు పొడిగించింది. సెప్టెంబరులో వాళ్ళ కైల్‌పొళ్దు పండగకు తుపాకులు కడిగి పూజ చేస్తారు. పండగ ముందు రోజుల్లో దుకాణం పెద్దాయనలకు మనతో మాట్లాడే తీరిక ఉండదు. తక్కిన రోజుల్లో మాట్లాడతారు గానీ, వెబ్లీ అనేసరికి “ఇల్లా సార్” అని రెండే మాటలు.

ఒకరు మాత్రం మూడో మాట అన్నారు. “మీ నంబరిచ్చి పొండి. వస్తే చెబుతాను.” అది మర్యాద కోసం అన్నమాట అనుకున్నాను. నెల తిరక్కుండా ఫోను వచ్చింది. పరుగెత్తాం. బల్లమీద గుడ్డ పరిచి పెట్టారు. నల్లగా నిగనిగలాడుతూ అచ్చం వెబ్లీయే. బావగారి చెయ్యి కొంచెం వణికింది. దుకాణం పెద్దాయన గొట్టం పక్కనున్న అంకె చూసి నాలుక కరుచుకున్నారు. .38! ఎవరో పోయిన పోలీసు అధికారి గారిది, కుర్రవాడు బోరు చూడకుండా మాకు ఫోను కొట్టేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో వెబ్లీ వాళ్ళు బ్రిటిషు సైన్యానికి చేసిపెట్టిన బోరు అది. చూడ్డానికి రెండూ కవలలే గానీ, బావగారి లైసెన్సు మీద దాన్ని ముట్టుకోకూడదు. ఇలా ఇంకోసారి కూడా అయింది. అప్పటి నుంచి బావగారు ఫోను ఎత్తగానే మొదట బోరు అడిగేవారు.

మరో చోట వాల్తర్ పీపీకే చూపించి మనసు మళ్ళించబోయారు. జేమ్స్ బాండు పిస్టలండీ అది! ఇయాన్ ఫ్లెమింగ్ మొదట్లో బాండు చేతికి .25 బెరెట్టా ఇచ్చాడు. తుపాకుల మీద ఆసక్తి ఉన్న పాఠకుడొకాయన, అది ఆడవాళ్ళ పిస్టలని ఉత్తరం రాస్తే, 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’ నవలలో మార్చి పీపీకే ఇచ్చాడు. పాఠకుల ఉత్తరాలను రచయితలు అంత శ్రద్ధగా చదివే రోజులు అవి. (ఈ పత్రికకు ఉత్తరాలు రాసేవాళ్ళు గమనించగలరు.) అదీ .32నే గానీ, పిస్టలు తూటా వేరు, రివాల్వరు తూటా వేరు. ఒకదానికి బదులు ఒకటి వాడకూడదు. ఈ సంగతి తెలియక తూటాలు కొనేవాళ్ళూ ఉన్నారట. బావగారికి బాండు మీద మోజు లేదు. తెచ్చిన గుడ్డలోనే చుట్టి ఇచ్చేశారు.

2020లో ఉత్తరప్రదేశ్‌లో హర్దోయీ జిల్లాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతోనే కొత్తగా .32 రివాల్వర్ల తయారీ మొదలయిందని పత్రికల్లో వచ్చింది. ఇక్కడివాళ్ళతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీ. అమ్మయ్య, బతికాం అనుకున్నాను. కటింగు తీసుకెళ్ళి చూపించాను. బావగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, “పేరు అదే” అన్నారు. అంతే. ఆ మాటలో ఏముందో నాకు అర్థమయింది. కొత్తవి ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆడవాళ్ళు సంచీలో పెట్టుకోవడానికని 2014లో అర కిలో బరువు ‘నిర్భీక్’ వచ్చింది, లక్షా ఇరవైవేల పైచిలుకు ధరతో. 2023లో యాభై మీటర్ల దూరం కొట్టే ‘ప్రబల్’ వచ్చింది. బావగారికి ఏదీ ఆనలేదు.

ఇలా తిరగ్గా తిరగ్గా నాకొక సంగతి తెలిసివచ్చింది. ఆ మూడో మాట అన్న పెద్దాయనే ఒకరోజు టీ ఇప్పిస్తూ చెప్పారు. “సార్, మీరు నా దగ్గర వెతుకుతున్నారు. అది నా దగ్గర ఉండదు. ఎవరి ఇంట్లోనో బీరువాలో ఉంటుంది. ఆ ఇంటి యజమాని ఉన్నంతకాలం బయటికి రాదు.” అంటే మేం ఏడాదిగా ఎదురుచూస్తున్నది ఎవరి చావు కోసమో! నాకు టీ గొంతులో అడ్డంపడింది. ఆయన చెప్పింది నిజమే. లైసెన్సుదారు పోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. 1959 నాటి ఆయుధాల చట్టంలో రాసిపెట్టి ఉంది. వారసుడు తన పేర లైసెన్సు తెచ్చుకుంటే తీసుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. ఇవాళారేపు పిల్లలు పరదేశాల్లో. తీసుకునేదెవరు? పైగా 2019లో చట్టం మార్చి, మనిషికి మూడు ఆయుధాలుండేదాన్ని రెండుకు తగ్గించారు. అలా మిగిలినవి కూడా కొన్ని డీలర్ల దగ్గరికి చేరాయి. ఆ దుకాణం లోపలి గదిలో చీటీలు కట్టిన తుపాకులు వరసగా ఉన్నాయి. ఒక్కో చీటీ మీద ఒక్కో పేరు. ఆ పేర్లు చదవబోయి మానుకున్నాను.

2023 దసరా వెళ్ళాక ఆయనే ఫోను చేశారు. బావగారు అడక్కముందే “ముప్పై రెండే సార్” అన్నారు. కానీ చీటీ గలావిడ కొనేవాళ్ళను చూడకుండా అమ్మదట.

ఆవిడ ఇల్లు జయనగరంలో. ఎనభై అయిదు దాటిన మనిషి. పుట్టిల్లు కుప్పం దగ్గర. భర్త కోలారు బంగారు గనుల్లో ఇంజనీరుగా చేశారు. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. పియానోలు, కుర్చీలు, కుక్కలు, అన్నీ ఎవరో ఒకరికి అంటగట్టి వెళ్ళారు. ఈయనకు పై అధికారి వెబ్లీ దక్కింది. గనులు 2001లో మూతపడ్డాయి. ఆయన 2022లో, తొంభై రెండో ఏట పోయారు.

ఆవిడ మాకు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ధర మాటే ఎత్తలేదు.

“ఇంట్లో పిల్లలున్నారా నాయనా?” అని అడిగింది.

“మనవలిద్దరమ్మా. సెలవులకొస్తారు.”

“ఎక్కడ పెడతావు దాన్ని?”

“బీరువాలో అమ్మా. తాళం వేసి.”

“మా ఆయనా అట్లే అన్నాడు. బీరువాలో పెట్టి తాళమేసి, తాళంచెవి దేవుడి పటం వెనకాల పెట్టేవాడు. అది ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదని ఆయన నమ్మకం. మా నాలుగేళ్ళవాడికి తెలుసు. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వస్తే, వాడు చెల్లెలి ఊయల పక్కన కూర్చుని దాని ముక్కుకి ఆనించి ఆడుకుంటున్నాడు.”

ఇద్దరం కాఫీ గ్లాసులు కింద పెట్టేశాం.

“తూటాలు వేరే ట్రంకు పెట్టెలో ఉండబట్టి సరిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు మంగుళూరులో డాక్టరు. వాడు అమెరికాలో ఉన్నాడు. నలభై ఏళ్ళు అయ్యా ఆ వస్తువు ఈ ఇంట్లో ఉన్నది, దొంగ ఒక్కడూ రాలేదు. ఆయన దాన్ని పేల్చిందల్లా ఒక్కసారి, గనుల కాలనీలో పిచ్చికుక్క మీద. అదీ తగల్లేదు.”

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తాళంచెవి అక్కర్లేని నంబరు తాళం ఇనప్పెట్టె కొని గోడలోకి బిగిస్తానని, తూటాలు వేరే గదిలో వేరే పెట్టెలో ఉంచుతానని, పిల్లలు వచ్చినన్నాళ్ళూ ఆయుధాన్ని డీలరు దగ్గరే జమ చేస్తానని చెప్పారు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. తుపాకీకి తాళం వేసి భద్రపరచడం 2016 నాటి నిబంధనల్లో ఎలాగూ ఉంది గానీ, నిబంధన చదవడం వేరు, ఆవిడ ఎదుట కూర్చోవడం వేరు. ఆవిడ నావైపు తిరిగి, “మీ అక్క ఏమంటోంది?” అంది. అక్క నెల రోజులుగా ఏమంటోందో నాకు తెలుసు. ‘అది ఇంట్లోకొస్తే నేను మనవల్ని తోటకు రానివ్వను’ అంటోంది. ఉన్నమాట చెప్పేశాను. బావగారు పైకప్పు చూశారు. ఆవిడ నవ్వి, “ఆ పిల్లను ఒకసారి తీసుకురండి” అంది. మా అక్కకు అరవై అయిదు.

అక్క వెళ్ళింది. ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. వచ్చేటప్పుడు అక్క చేతిలో కరివేపాకు మొక్క, నోట్లో ఒకటే మాట: “ఆ ఇనప్పెట్టె ముందు బిగించండి. తరువాత చూద్దాం.”

కాగితాల సంగతి రాస్తే ఈ సంచిక సరిపోదు. అమెరికాలో కొడుకు, మంగుళూరులో కూతురు, ఇద్దరూ అభ్యంతరం లేదని రాసి పంపాలి. కొడుకు కాగితం అక్కడి నుంచి సరైన ముద్రలతో రావడానికి రెండున్నర నెలలు పట్టింది. మధ్యవర్తి లేకుండా నేరుగా ఆవిడే అమ్మేటట్లయితే ముందు స్టేషనుకు రాతపూర్వకంగా తెలిపి నలభై అయిదు రోజులు ఆగాలన్నది ఇంకో నియమం. ఈలోగా దుకాణం మిస్త్రీ రివాల్వరును విప్పి చూశాడు. నడుము కీలు వదులు లేదు, గొట్టం లోపల తుప్పు గుంటలు లేవు, సిలిండరు తిప్పితే టిక్కుమని సరిగ్గా ఆగుతోంది. బర్మింగ్‌హాం పరీక్ష ముద్రలు, నంబరు, అన్నీ చెక్కుచెదరలేదు. “ఏడు పదుల వయసు సార్, నాకంటే నయం” అన్నాడు మిస్త్రీ.

2024 ఫిబ్రవరి చివర లైసెన్సు పుస్తకంలో నంబరు ఎక్కింది. ధర ఎంతో ఇక్కడ రాయను. అక్క ఈ పత్రిక చదువుతుంది. డబ్బు చేతికిచ్చే రోజున ఆవిడ ఒక్కటే అడిగింది, తోలు ఒర తనకు ఉంచుకోవచ్చా అని. భర్త పేరు పొడి అక్షరాలు దానిమీద సూదితో గీసి ఉన్నాయి. బావగారు ఒరను రెండు చేతులతో అందించి, కాళ్ళకు దండం పెట్టారు.

ఇనప్పెట్టె తోటింటి గోడలో కూర్చుంది. నంబరు బావగారొక్కరికే తెలుసు. లైసెన్సున్నవారికే తెలియాలి కూడా. పుట్టినరోజు నంబరు పెట్టుకోలేదని అక్క దగ్గర ఒట్టు వేశారు. మొదటి ఆదివారం ఆయన దాన్ని తీసి, నూనె రాసి, తుడిచి, వాళ్ళ నాన్నగారి ఫొటో ముందు కాసేపు ఉంచి, మళ్ళీ పెట్టేశారు. రెండో ఆదివారమూ అంతే.

మార్చి 16న లోక్‌సభ ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాల్లో ఏవి అప్పగించాలో పరిశీలించడానికి జిల్లాల్లో కమిటీలుంటాయి గానీ, ఆచరణలో చాలామందికి స్టేషను నుంచి కబురు వస్తుంది. బావగారికీ వచ్చింది. ఏడాదిన్నర వేట, నాలుగు నెలల కాగితాలు, మూడు వారాల కాపురం. ఒర లేదు కాబట్టి పాత తువ్వాలులో చుట్టి, సంచీలో పెట్టి, స్టేషనుకు తీసుకెళ్ళి అప్పగించి రసీదు తెచ్చుకున్నారు. చిక్కబళ్ళాపురంలో పోలింగు ఏప్రిల్ 26న. ఫలితాలు జూన్ 4న. వేసవి సెలవులు మొత్తం అందులోనే పోయాయి.

ఏప్రిల్ మొదటి వారంలో మనవలిద్దరూ తోటకు వచ్చారు. అక్కే దగ్గరుండి తీసుకొచ్చింది.